కుందేలు మేత ముట్టడం లేదు, ఎవరైనా త్వరగా చెప్పండి

కావలి నాన్న:
నిన్న సాయంత్రం నుంచి మా కుందేలు ఏమీ తినడం లేదు. క్యారెట్, క్యాబేజీ, కొత్తిమీర అన్నీ పెట్టి చూశాను. వాసన చూసి మొహం తిప్పేసుకుంటోంది. మూలకు పోయి ముడుచుకుని కూర్చుంది. రాత్రంతా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇక్కడ ఒక ఆసుపత్రికి ఫోన్ చేస్తే గేదెలు, మేకలు అయితే చూస్తాం, కుందేళ్లను చూడం అన్నారు. యూట్యూబ్‌లో తలా ఒకటి చెబుతున్నారు, పిచ్చెక్కుతోంది. ఆకలి పుట్టడానికి ఏ సిరప్ పోయాలో చెప్పండి చాలు.

మితభాషి:
వయసు? బరువు? పెంటికలు వేస్తోందా? రోజూ ఏం పెడతారు? ఇవి రాయకుండా సిరప్ పేరు అడిగితే ఎలా?

కావలి నాన్న:
రెండేళ్లది. రెండు కిలోలు ఉంటుంది. మామూలు తిండేనండీ, క్యారెట్, బిస్కెట్, కొంచెం అన్నం, షాపులో అమ్మే దాణా. రాత్రంతా పెంటికలు లేవు. పొద్దున కొన్ని వేసింది, మిరియం గింజంత ఉన్నాయి, వెంట్రుకకు గుచ్చుకుని దండలా వచ్చాయి.

ఒంగోలు రైతు:
అబ్బయ్యా, బిస్కెట్, అన్నం కుందేలు తిండి కాదు. నూటికి ఎనభై పాళ్లు గడ్డే తినాలి. గరిక కోసుకొచ్చి నీడన ఎండబెట్టి పెట్టు, ఖర్చు కూడా లేదు. ఇంకో మాట. మా ప్రకాశంలో ఎక్కడ చూసినా సుబాబుల్ తోటలే. ఊరికే దొరుకుతుంది కదా అని ఆ ఆకు కోసి మేపుతారు. అందులో మైమోసిన్ అనే విషం ఉంది. మేక పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని కొంతవరకు విరిచేస్తాయి, కుందేలుకు ఆ వసతి లేదు. ఎక్కువగా తింటే బొచ్చు రాలుతుంది, ఎదుగుదల ఆగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా మా వైపు వినరు.

మితభాషి:
ఆయన సుబాబుల్ పెట్టానని అనలేదు.

ఒంగోలు రైతు:
చదివే వాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్ల కోసం రాశాను.

పొదలకూరు షెడ్డు:
ఇది గ్యాస్. మా షెడ్డులో వస్తుంటుంది. వాము నీళ్లు, రెండు చుక్కల ఆముదం పోస్తే సర్దుకుంటుంది.

పశువైద్య విద్యార్థిని:
ఆముదం వద్దు, దయచేసి. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది పేగుల గుండానే బయటికి రావాలి. ఆయన చెబుతున్న లక్షణాలు పేగుల కదలిక మందగించినప్పటివి. పీచు లేని తిండి, నొప్పి, భయం, ఎండ, ఏదైనా కారణం కావచ్చు. తినకపోతే పేగులు ఇంకా నెమ్మదిస్తాయి, నెమ్మదించేకొద్దీ తినదు. అందుకే పన్నెండు గంటలు మేత ముట్టని కుందేలును అత్యవసర కేసుగా చూస్తారు. మేకలా రెండు రోజులు చూద్దాం అనుకుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

పొదలకూరు షెడ్డు:
మీరు పేరు మార్చి చెప్పినా అది గ్యాసే కదా మేడం?

పశువైద్య విద్యార్థిని:
కాదు సార్, వైద్యం మారిపోతుంది. పొట్ట పిండిలా మెత్తగా ఉంటే మందగించడం. డోలులా బిగిసి, ఒళ్లు చల్లబడి ఉంటే అడ్డు పడి ఉబ్బినట్టు. అప్పుడు బలవంతంగా ఏమీ తినిపించకూడదు, పేగులను కదిలించే మందు కూడా ఇవ్వకూడదు. కావలి సార్, పొట్ట తాకి చూడండి. థర్మామీటర్ ఉంటే టెంపరేచర్ చూడండి. 101 నుంచి 104 ఫారన్‌హీట్ వరకు మామూలే. 100 కంటే తగ్గితే గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచి, వెంటనే బయల్దేరండి.

కావలి నాన్న:
పొట్ట మెత్తగానే ఉంది. టెంపరేచర్ 101.6. పళ్లు కొరుకుతున్న చప్పుడు వస్తోంది, అది మంచిదేనా?

పశువైద్య విద్యార్థిని:
ముడుచుకుని గట్టిగా కొరికితే నొప్పికి గుర్తు. గడ్డం కింద తడిగా ఉందా? మేత నోట్లో పెట్టుకుని వదిలేస్తోందా? కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలకపోతే దవడ పళ్లు ముళ్లలా పెరిగి నాలుకకు గుచ్చుకుంటాయి.

కావలి నాన్న:
తడి లేదు. పళ్లు బాగానే కనబడుతున్నాయి.

మితభాషి:
ముందు పళ్లు మాత్రమే కనబడతాయి. వెనకవి డాక్టర్ పరికరం పెట్టి చూడాలి. ఈ మధ్య ఏదైనా మందు వాడారా?

కావలి నాన్న:
పొట్టకు ఏమీ వాడలేదు. గోరు ఊడి రక్తం వస్తే మందుల షాపులో పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు, అది పోస్తున్నాం. పుండు మానుతోంది.

మితభాషి:
ఇది మొదటే రాయాల్సింది.

పశువైద్య విద్యార్థిని:
ఆ సిరప్ ఇప్పుడే ఆపేయండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు కుందేలుకు నోటి ద్వారా ఇవ్వకూడదు. పెద్ద పేగులో గడ్డిని అరిగించే మంచి బ్యాక్టీరియా చనిపోయి, క్లోస్ట్రిడియం జాతివి పెరిగి విషం వదులుతాయి. గినీ పిగ్, హామ్‌స్టర్‌లకూ ఇదే ప్రమాదం. నీళ్ల విరేచనం మొదలైతే గంటల్లో చేయి దాటిపోతుంది. సిరప్ సీసా డాక్టర్‌కు చూపించండి. చర్మం కింద ఫ్లూయిడ్స్, నొప్పికి మెలాక్సికామ్, అవసరమైతే పేగుల కదలికకు మందు, అన్నీ బరువు చూసి ఆయనే ఇస్తారు. ఆకలి సిరప్ ఒక్కటే పోస్తే అసలు జబ్బు అలాగే ఉంటుంది.

ఒంగోలు రైతు:
పశువైద్య సహాయ నంబరు 1962కు కూడా ఫోన్ చేయి అబ్బయ్యా. మీ దగ్గర కాకపోతే నెల్లూరు వెళ్లు, హైవే మీద గంట ప్రయాణం. ఎండ ముదరక ముందే బయల్దేరు. ముప్పై డిగ్రీలు దాటితే కుందేలు తట్టుకోలేదు, మన రోహిణి కార్తెలో దాని గతి చెప్పక్కర్లేదు.

గూడులో గినీ పిగ్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా గినీ పిగ్ కూడా నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు, నడవడానికి బద్ధకిస్తోంది. దాణా మాత్రమే పెడుతున్నాం.

పశువైద్య విద్యార్థిని:
విటమిన్ సి లోపం కావచ్చు. మనలాగే గినీ పిగ్ దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు. దాణాలో కలిపింది నిల్వ ఉంటే తగ్గిపోతుంది. రోజూ కొంచెం క్యాప్సికమ్ కానీ జామకాయ ముక్క కానీ పెట్టండి, అయినా డాక్టర్‌కు చూపించండి, తినకపోవడం దానికీ ప్రమాదమే.

పొదలకూరు షెడ్డు:
మేడం, షెడ్డులో కుందేళ్లకు పురుగు మందు స్ప్రే కొట్టొచ్చా? కుక్కలకు వాడేది ఉంది.

పశువైద్య విద్యార్థిని:
అందులో ఫిప్రోనిల్ ఉంటే వద్దే వద్దు, కుందేలుకు విషం. గజ్జికి ఐవర్‌మెక్టిన్ డాక్టర్ మోతాదు కట్టి ఇస్తారు.

కావలి నాన్న:
నెల్లూరులో చూపించాం. ఫ్లూయిడ్స్ ఎక్కించారు, ఒక ఇంజెక్షన్ చేశారు, సిరప్ ఆపమన్నారు. సూది తీసిన సిరంజితో, గోరువెచ్చని నీళ్లలో దాణా నానబెట్టి మెత్తగా చేసి కొంచెం కొంచెంగా పడుతున్నాం. పెంటికలు ఇంకా చిన్నవే. థాంక్స్ అండీ.

ఒంగోలు రైతు:
గడ్డి కూడా పెట్టు.

గూడులో గినీ పిగ్:
కావలిలో గినీ పిగ్‌లను చూసే డాక్టర్ ఎవరైనా తెలుసా?