డెల్ఫీ కొండ: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ఎక్కొచ్చా?

కాకినాడ కాజా: అక్టోబరులో అమ్మని తీసుకుని గ్రీసు వెళ్తున్నామండీ. ఏథెన్స్ నుంచి డెల్ఫీ ఒక్కరోజులో చూసొద్దామని ఆలోచన. అమ్మకి 67, మోకాళ్ల నొప్పులు. సింహాచలం మెట్లంటేనే భయపడే మనిషి, అపోలో గుడి మాత్రం చూడాల్సిందే అంటోంది. నడిచినవాళ్లు కాస్త చెప్పండి.

మ్యూనిక్ మావయ్య: ఏథెన్స్ నుంచి 180 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు. పర్నాసస్ కొండ వాలు మీదుంటుంది. మెట్ల కన్నా వంకర్లు తిరిగే ఎగుడు దారే ఎక్కువ. కింద పరిచిన పాతరాళ్లు అరిగి అరిగి నున్నగా ఉంటాయి. నేను హవాయి చెప్పులేసుకుని పోయా, ఏథెన్స్ వాళ్ల ఖజానా (దేవుడికిచ్చిన కానుకలు దాచే చిన్న కట్టడం) ముందు జర్రున జారా. ఆ ఖజానాని 1903-06 మధ్య మళ్లీ పేర్చి నిలబెట్టారు. నా నడుమే ఇంకా సరిగ్గా నిలబడలేదు. బూట్లు తప్పనిసరి.

పాతరాళ్ల పిచ్చోడు: గుడి దగ్గర నిలబెట్టినవి ఆరు స్తంభాలే. అందరూ వాటి ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు, కిందున్న గోడని చూడరు. గుడి అరుగుని మోసే గోడ అది, క్రీస్తుపూర్వం 6వ శతాబ్దిది. రాళ్లు వంపు వంపులుగా చెక్కి, సున్నం లేకుండా ఒకదాన్లో ఒకటి ఇరికించారు. దగ్గరికెళ్లి చూడండి, రాయి నిండా చీమల బారుల్లా అక్షరాలు. బానిసల విడుదల పత్రాలు, సుమారు 800. బానిసని అపోలో దేవుడికి అమ్మినట్టు రాస్తారు, సొమ్ము యజమానికి ముడుతుంది, మనిషికి స్వేచ్ఛ. దేవుడి పేరు మీద రిజిస్ట్రేషన్ అన్నమాట. నేనక్కడే గంట నిలబడ్డా, మా ఆవిడ తిట్టింది.

మాచర్ల మిర్చి: పైన 5,000 మంది పట్టే రంగస్థలం ఉంది. దాన్ని చూస్తే మన అనుపులోని పాత రంగస్థలం గుర్తొచ్చింది నాకు, నాగార్జునకొండ నుంచి తెచ్చి మళ్లీ కట్టింది. డెల్ఫీలో కథ తిరగబడింది. ఇక్కడ సాగర్ డ్యామ్ నీళ్లొస్తాయని శిథిలాల్ని కదిపారు. అక్కడ శిథిలాల మీద కాస్త్రి అనే ఊరుండేది, 1892లో ఫ్రెంచి వాళ్లు తవ్వుతామంటే ఊరినే పక్కకి జరిపారు. ఆ పైన స్టేడియం దాకా మాత్రం పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. అయినా మేం వెళ్లినప్పుడు రాళ్లు పడుతున్నాయని తాడు కట్టేశారు.

మ్యూనిక్ మావయ్య: ముందు మ్యూజియం చూసేయండి, కొండ తర్వాత.

పాతరాళ్ల పిచ్చోడు: వద్దు మావయ్యా, ఎండెక్కితే అమ్మగారు ఎక్కలేరు. పొద్దున్నే కొండ, మధ్యాహ్నం చల్లగా మ్యూజియం. అక్కడ కంచు రథసారథి విగ్రహం ఉంది. ఎడమ చెయ్యి లేదు, కుడి చేతిలో పగ్గాలు మిగిలాయి. కనురెప్పల వెంట్రుకలు కూడా లోహంతోనే పెట్టారు. రెండు వేల అయిదొందల ఏళ్లయినా ఊడలేదు!

కాకినాడ కాజా: వెళ్లొచ్చామండీ, అందరికీ థాంక్స్. డెల్ఫీ గుడిలో అపోలో మాటగా జోస్యం చెప్పే పూజారిణి పైథియా కథ బస్సులో అమ్మకి చెప్పా. లిడియా రాజు క్రోయిసస్ పర్షియా మీదికి వెళ్లనా అని అడిగిస్తే, వెళ్తే పెద్ద సామ్రాజ్యం కూలుతుందని చెప్పిందావిడ. వెళ్లాడు, కూలింది తనదే. "సోది చెప్పే ఆవిడేగా, మా ఊళ్లోనూ ఇలాగే రెండర్థాల మాటలు చెప్పేది" అంది అమ్మ.

పొద్దున ఎనిమిదింటికే ఎక్కడం మొదలెట్టాం. ప్రతి మలుపులో కూర్చుంటూ గుడి దాకా గంటంపావు పట్టింది. రంగస్థలానికి నేనొక్కదాన్నే వెళ్లా. అక్కణ్ణుంచి చూస్తే కింద లోయంతా ఆలివ్ తోటలు, అమ్మ రాతి మీద కూర్చుని సంచిలోంచి పులిహోర డబ్బా తీస్తోంది. దిగేటప్పుడు ఆ గోడ దగ్గర ఆపి బానిసల సంగతి చెప్పా. "ఇందులో ఆడవాళ్ల పేర్లు కూడా ఉన్నాయా?" అనడిగింది. ఉన్నాయన్నా. అక్షరాల మీద చెయ్యి పెట్టబోయింది, కాపలా అమ్మాయి గట్టిగా ఈల వేసింది.