ఖురాన్ పుస్తకంగా ఎప్పుడు తయారైంది? "రెండొందల ఏళ్ల తర్వాత" అన్నది నిజమేనా?

కొత్తగా_చదువుతున్నా

ముందే చెప్తున్నా, మతాల గొడవ పెట్టడానికి అడగట్లేదు. డిగ్రీలో హిస్టరీ, ఈ సెమిస్టర్‌లో అరబ్బుల చరిత్ర ఉంది. ఖురాన్ మొత్తం ప్రవక్త బతికుండగానే రాసేశారని మా రూమ్మేట్ అంటాడు. అదేం కాదు, ఆయన పోయిన రెండొందల ఏళ్లకి రాశారని వీడియోలో చూశానంటాడు ఇంకొకడు. పుస్తకం తెరిస్తే "మూడో ఖలీఫా ఉస్మాన్ సంకలనం చేయించాడు" అని ఒక్క ముక్క ఉంది, అంతే. మూడూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి? పైగా ఉస్మాన్ మిగతా ప్రతులు తగలబెట్టించాడట, ఎందుకు? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి, ఇంకో వారంలో పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

పాతబస్తీ_కుర్రాడు

మా సంప్రదాయంలో ఉన్నది చెప్తా భాయ్, చరిత్రకారులు ఏమంటారో వేరేవాళ్లు చెప్తారు.

వహీ (అల్లాహ్ నుంచి ప్రవక్తకి దిగిన వాక్కు) 610 ప్రాంతంలో మొదలై, 632లో ప్రవక్త (స) కన్నుమూసేదాకా దాదాపు 23 ఏళ్లపాటు కొంచెం కొంచెంగా దిగింది. ఆయన చెబుతుంటే రాసుకునేవాళ్లు ఉండేవాళ్లు, మదీనా కుర్రాడు జైద్ ఇబ్న్ సాబిత్ వాళ్లలో ఒకడు. ఖర్జూర మట్టలు, పలచటి తెల్లరాళ్లు, తోలు, ఒంటె భుజం ఎముక, ఏది దొరికితే దానిమీద. కాబట్టి మీ రూమ్మేట్ మాట సగం నిజం: రాత ఉంది, పుస్తకం లేదు. ఇంకా వస్తూనే ఉన్నదాన్ని అట్టవేసి కుట్టలేరు కదా.

ఆయన పోయిన కొద్ది నెలలకే యమామా యుద్ధం జరిగింది. ఖుర్ఆన్ కంఠస్థం వచ్చినవాళ్లు అందులో చాలామంది చనిపోయారు. ఇలాంటి యుద్ధాలు ఇంకో రెండు జరిగితే ఏం మిగులుతుందని ఉమర్‌కి (తర్వాత రెండో ఖలీఫా అయినాయన) భయం పట్టుకుంది. మొదటి ఖలీఫా అబూబక్ర్ దగ్గరికెళ్తే ఆయన ముందు ఒప్పుకోలేదు, ప్రవక్త చేయని పని నేనెలా చేయనని. చివరికి ఒప్పుకుని జైద్‌కి అప్పగించారు. ఒక కొండని కదపమన్నా నాకింత భారం అనిపించేది కాదన్నాడట జైద్. రాతల నుంచీ మనుషుల గుండెల నుంచీ ఏరి కూర్చాడు. తౌబా అనే సూరా (అధ్యాయం) చివరి రెండు ఆయతులు (వాక్యాలు) రాతలో ఒక్క మనిషి దగ్గరే దొరికాయట. ఆ ప్రతి అబూబక్ర్ తర్వాత ఉమర్ దగ్గర, ఆయన తర్వాత ఆయన కూతురు, ప్రవక్త భార్య హఫ్సా దగ్గర ఉండిపోయింది.

గుండెల నుంచి అంటే మాట వరసకి అనుకోకండి. రంజాన్‌లో మా మసీదుకి తరావీ (రాత్రిపూట) నమాజుకి రండి. ముందున్న హాఫిజ్ (ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం వచ్చినవాడు) సాబ్ ఒక్క మాట తడబడితే వెనక వరసలోంచి ఇంకో హాఫిజ్ టక్కున అందిస్తాడు. దాన్ని లుఖ్మా ఇవ్వడం అంటాం, లుఖ్మా అంటే ముద్ద (మన లుఖ్మీ ఉంది చూడండి, ఆ పేరూ అక్కణ్నుంచే). పుస్తకం తెరిచేవాడు ఒక్కడుండడు అక్కడ.

ఘనాపాఠి_మనవడు

ఇది చదువుతుంటే మా తాతగారు వేదం సంత చెప్పడం (వల్లె వేయించడం) గుర్తొచ్చింది. పదం, క్రమం, జట, ఘన అని ఒకే మంత్రాన్ని తిరగేసి మరగేసి చెప్పించేవారు, అక్షరం జారకుండా. కాకపోతే తేడా ఉంది. మా వాళ్లు వేదాన్ని రాసుకోవడాన్నే చిన్నచూపు చూశారు, వీళ్లకి రాత మొదటి తరంలోనే పక్కన నడిచింది.

లిపి_పిచ్చి

కుర్రాడు బాగా చెప్పాడు. మిగిలింది నేనందుకుంటా.

ఉస్మాన్ సంగతి 650 ప్రాంతంలోది. అర్మేనియా, అజర్‌బైజాన్ వైపు దండయాత్రలో సిరియా సైనికులూ ఇరాక్ సైనికులూ ఒకరి పారాయణం ఒకరు తప్పంటూ తగువులాడుకోవడం హుజైఫా అనే సేనాని చూసి, పరుగున వచ్చి ఖలీఫాకి చెప్పాడు. ఉస్మాన్ హఫ్సా దగ్గరున్న ప్రతి తెప్పించి, మళ్లీ ఆ జైద్‌నే, తోడుగా ముగ్గురు ఖురైషీలనీ (ప్రవక్త తెగవాళ్లు) కూర్చోబెట్టి నకళ్లు రాయించి కూఫా, బస్రా, డమాస్కస్ లాంటి ఊళ్లకి పంపాడు. మిగతావి కాల్చేయమన్నాడు. కూఫాలో ఇబ్న్ మసూద్‌కి ఇది మింగుడుపడలేదు. ఆయనేం చిన్నవాడు కాదు, ప్రవక్త నోటినుంచి నేరుగా నేర్చుకున్నవాడు. ఆయన ప్రతిలో ఫాతిహా (మొదటి సూరా), చివరి రెండు సూరాలూ లేవని ముస్లిం పండితులే రాశారు. అంటే కాల్పించడం వెనక ఉన్నది కుట్ర కాదు, తగువు తెంపాలన్న రాజకీయ అవసరం. అలాగని కాలిపోయినవాటిలో తేడాలేం లేవనడమూ కుదరదు.

ఇక ఆ రెండొందల ఏళ్ల మాట. సగం మంది ఖురాన్‌నీ హదీసులనీ (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు) కలిపేస్తారు. హదీసులు పోగుచేసిన బుఖారీ చనిపోయింది 870లో, ముస్లిం 875లో, రెండొందల ఏళ్లు వాటికి సరిపోతుంది. జైద్ కథ మనం చదివేది కూడా ఆ బుఖారీలోనే, అందుకే చరిత్రకారులు అనుమానంగా చూశారు. 1977లో జాన్ వాన్స్‌బ్రో అనే లండన్ ప్రొఫెసర్ ఏకంగా ఖురాన్ పాఠం స్థిరపడిందే చాలా ఆలస్యంగా అన్నాడు. మీవాడు చూసిన వీడియో అక్కడే ఆగిపోయుంటుంది.

తర్వాత తోళ్లు మాట్లాడాయి. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉన్న రెండు ఖురాన్ తోలు ఆకులకి కార్బన్ పరీక్ష చేసి 2015లో ప్రకటించారు: 568 నుంచి 645 మధ్య. అది జంతువు చచ్చిన కాలం, సిరా పెట్టిన కాలం కాదు, ఇది మర్చిపోకండి. నాకు ఇంకా ఇష్టమైనది సనా ప్రతి. 1972లో యెమెన్‌లో సనా పెద్ద మసీదు మరమ్మతుల్లో వేల ముక్కలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాంట్లో పాత రాత చెరిపేసి, అదే తోలుమీద మళ్లీ ఖురానే రాశారు. పైది ఇప్పటి పాఠం. అడుగున చెరిపేసిన దాంట్లో కొన్ని మాటలు వేరు, సూరాల వరస వేరు. ఒక పరీక్షలో ఆ తోలు 671కి ముందుదని 99 శాతం అవకాశం తేలింది. ఉస్మాన్ పాఠం కాని ప్రతులు ఉండేవని సంప్రదాయం చెప్పిన మాటకి అదే సాక్ష్యం, రెండొందల ఏళ్ల వాదనకి అదే దెబ్బ.

ఇంకొకటి. అప్పటి లిపిలో చుక్కలు దాదాపు ఉండేవి కావు, గుడిదీర్ఘాల్లాంటి గుర్తులు అసలే లేవు. మాట మధ్యలో బ, త, న, య అన్నీ ఒకే పంటి గీత. 49వ సూరా ఆరో ఆయతులో ఒకే గీతని కొందరు "ఫతబయ్యనూ" (విచారించి తెలుసుకోండి) అనీ, కొందరు "ఫతసబ్బతూ" (నిదానించి నిర్ధారించుకోండి) అనీ చదివారు, రెండూ చెల్లుతాయి. పదో శతాబ్దంలో ఇబ్న్ ముజాహిద్ అనే బాగ్దాద్ పండితుడు ఇలాంటి ఏడు పఠనాలని ఎంచి నిలబెట్టాడు.

దోహా_బాబాయ్

పఠనాల మాట వచ్చింది కాబట్టి. మా సైట్లో మొరాకో ఫోర్‌మన్ ఒకాయన ఉన్నాడు. ఆయన ఖుర్ఆన్ చూసి, అచ్చుతప్పులున్నాయి భాయ్ అనేశాను పొరపాటున. ఫ అక్షరానికి చుక్క కింద ఉంది, ఖాఫ్‌కి రెండు ఉండాల్సింది ఒకటే ఉంది. ఆయన నవ్వి ఇది మా పద్ధతి, వర్ష్ పఠనం అన్నాడు. ఫాతిహాలో మనం "మాలికి" అని దీర్ఘం తీస్తాం, ఆయన "మలికి". అధిపతి, రాజు, అంతే తేడా. మన దగ్గర దొరికేవన్నీ హఫ్స్ పఠనం. 1924లో కైరోలో దాన్ని జాగ్రత్తగా అచ్చేసినప్పట్నుంచీ ఎక్కువగా అదే నడుస్తోంది.

కొత్తగా_చదువుతున్నా

అందరికీ థాంక్స్. ఒక్కటే డౌటు, హఫ్సా గారి దగ్గరున్న ఆ మొదటి ప్రతి ఇప్పుడెక్కడుంది?

లిపి_పిచ్చి

లేదు తమ్ముడూ. ఉస్మాన్ వాడుకుని తిరిగిచ్చేశాడు. ఆమె చనిపోయాక మదీనా గవర్నర్ మర్వాన్ తీసుకుని దాన్నీ నాశనం చేయించాడని కథనం, మళ్లీ తగువులొస్తాయని. తాష్కెంట్‌లోనూ ఇస్తాంబుల్‌లోనూ "ఉస్మాన్ ప్రతి" అని చూపించేవి ఉన్నాయి గానీ, లిపి చూస్తే అవి ఆయన తర్వాత తరాలవి.