అమోలెడ్ స్క్రీన్‌లో గ్రీన్ లైన్: ఫ్రేమ్‌కి సొట్ట ఉందని వారంటీ రాదంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: కృష్ణాతీరం

ఫోన్ ఆన్‌లైన్‌లో కొని 10 నెలలైంది, ధర 27,999. మొన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేశాక స్క్రీన్ కుడివైపున పైనుంచి కిందదాకా సన్నటి గ్రీన్ లైన్ పడింది. గ్లాసు పగల్లేదు, టచ్ బాగానే పనిచేస్తోంది. సర్వీస్ సెంటర్‌లో ఎడమవైపు పై మూల ఫ్రేమ్ మీద మిరియపు గింజంత సొట్ట చూపించి, "ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలో రాదు, 9,400, జీఎస్టీ అదనం" అన్నారు. ఫోన్ ఇంకా వాళ్లకి ఇవ్వలేదు, ఎక్కడా సంతకం పెట్టలేదు. ఆ సొట్ట వల్ల నిజంగా లైన్ వస్తుందా? కాదని వాళ్లతో ఎలా ఒప్పించాలి?

జవాబు: టంకంకడ్డీ

సంతకం పెట్టకపోవడం మంచిదైంది. ముందు లైన్ ఎందుకు వస్తుందో చూడండి.

అమోలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం స్క్రీన్) ప్యానెల్ కింది అంచున సన్నటి, వంగే ఫ్లెక్స్ స్ట్రిప్ ఉంటుంది. చాలా మోడళ్లలో స్క్రీన్‌ని నడిపే ఐసీ (చిప్) దాని మీదే ఉంటుంది. ఆ స్ట్రిప్‌ని వెనక్కి మడిచి అమరుస్తారు. ప్యానెల్‌కీ స్ట్రిప్‌కీ మధ్య వెంట్రుకకన్నా సన్నటి కాంటాక్టులు వందల్లో ఉంటాయి. ఒక్కటి లేచినా ఆ నిలువు వరుసకి సరైన వోల్టేజీ అందదు, ఆ వరుస ఒకే రంగులో వెలిగిపోతుంది. అప్‌డేట్ గీత గీయదు. అప్పటికే బలహీనంగా ఉన్న అతుకు, ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ఫోన్ వేడెక్కి లేచిపోయే అవకాశం ఉంది, అంతే.

మీ సొట్ట పై మూలన ఎడమవైపు, లైన్ కుడివైపు, స్ట్రిప్ కింద. అదే సొట్ట కింది అంచున ఉండుంటే వాళ్ల మాటకి కొంత బలం ఉండేది. గ్లాసు చెక్కుచెదరలేదు, నల్ల మరకా లేదు కాబట్టి మీ వాదనే గట్టిది.

ఇవాళే ఇంకో ఫోన్‌తో ఇవి తీసి పెట్టుకోండి. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తూ వీడియో తీయండి, కంపెనీ లోగో దగ్గరే లైన్ కనిపిస్తే యాప్‌ల తప్పు కాదని తేలుతుంది. తర్వాత స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌లో తెరవండి. అందులో లైన్ లేకపోతే లోపం ప్యానెల్‌దే. నాలుగు అంచులు, నాలుగు మూలలు, వెనక భాగం వెలుతురులో ఫొటోలు తీయండి. సిమ్ ట్రే బయటికి లాగి లోపల టార్చి వేసి చూడండి. చాలా ఫోన్లలో అక్కడ చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. తెల్లగా ఉంటే దాని ఫొటో కూడా తప్పనిసరి. రేపు "నీళ్లు పోయాయి" అనకుండా!

జవాబు: బెజవాడ_బండి

ఇంత తలనొప్పి ఎందుకండీ, లేజర్ మెషీన్ ఉన్న బయటి షాపులో గ్రీన్ లైన్ తీసేస్తారు. కాంబో (గ్లాసు, టచ్, డిస్‌ప్లే కలిసిన సెట్టు) మార్చడం కన్నా చాలా తక్కువలో అయిపోతుంది.

జవాబు: టంకంకడ్డీ

వారంటీ అయిపోయిన ఫోన్‌కైతే సరే. రెండు నెలలు మిగిలున్న ఫోన్‌కి ఆ పని వద్దు. బయటి షాపులో విప్పితే లోపలి సీల్ స్టిక్కర్ చిరుగుతుంది, నీళ్లు పోకుండా వేసిన జిగురు పోతుంది, ఆ తర్వాత మదర్‌బోర్డు పాడైనా కంపెనీ తాకదు. పైగా లేజర్‌తో అతికించిన లైన్ మళ్లీ రావచ్చు, చేసేటప్పుడు స్క్రీన్ పూర్తిగా నల్లబడనూ వచ్చు. తక్కువ ధర కాంబో కొన్నిట్లో అమోలెడ్ బదులు ఎల్‌సీడీ వేస్తారు. అప్పుడు స్క్రీన్ కింద ఉండే ఫింగర్‌ప్రింట్ పనిచేయదు.

జవాబు: కాగితంపులి

ఇక కాగితాల సంగతి. ఇన్‌వాయిస్ ఆర్డర్ పేజీలోంచి దించుకోండి. అందులో ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఉందా, *#06# కొడితే వచ్చే నంబరుతో కలుస్తోందా చూడండి. కలవకపోతే ముందు అమ్మినవాళ్లతో సరిచేయించుకోవాలి.

ఫోన్ ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ (ఫోన్ తీసుకుంటూ సెంటర్‌వాళ్లు రాసిచ్చే కాగితం) మీద ఏం రాస్తున్నారో అక్షరం అక్షరం చదవండి. అసలు గొడవంతా అక్కడే పుడుతుంది. "ఫిజికల్ డ్యామేజ్" అని టిక్ పెడితే సంతకం చేయొద్దు. "డిస్‌ప్లే కుడివైపు నిలువు గ్రీన్ లైన్, గ్లాసు పగల్లేదు, టచ్ పనిచేస్తోంది, ఫ్రేమ్ ఎడమ పై మూల చిన్న సొట్ట" అని ఉన్నదున్నట్టు రాయించండి. సొట్ట దాచడం వల్ల మీకే నష్టం. అది ఎక్కడుందో కాగితం మీద ఉంటేనే లైన్‌తో సంబంధం లేదని చూపించగలరు.

అయినా కాదంటే, కాదన్న సంగతి కారణంతో సహా జాబ్ షీట్ మీదో మెయిల్‌లోనో రాసివ్వమనండి. నోటిమాటకి విలువ లేదు. రాసివ్వాలనగానే సెంటర్ మేనేజర్ పైవాళ్లకి ఫొటోలు పంపి "స్పెషల్ అప్రూవల్" అడగడం మామూలే, పని అక్కడే అయిపోవచ్చు. కాకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫొటోలు, వీడియో, జాబ్ షీట్ జోడించి మెయిల్ చేయండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వాళ్లు తీర్పు ఇవ్వరు, కానీ ఫిర్యాదు కంపెనీకి చేరుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి ఆ సైటు గ్రీవెన్స్ అధికారికీ రాయండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పి, నెలలోపు పరిష్కరించాలి.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, 5 లక్షల వరకు కొన్న వస్తువుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. తయారీదారు, సర్వీస్ సెంటర్, అమ్మినవాళ్లు ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. నిదానంగా నడుస్తుంది, అది ముందే తెలుసుకుని దిగాలి.

కృష్ణాతీరం

స్క్రీన్‌షాట్‌లో లైన్ లేదు, స్టిక్కర్ తెల్లగానే ఉంది. రేపు వెళ్తాను. ఫోన్ వాళ్ల దగ్గర పెడితే బ్యాంకు యాప్‌లు, ఫొటోల సంగతేమిటి?

జవాబు: టంకంకడ్డీ

డిస్‌ప్లే ఒక్కటే మారిస్తే డేటా ఎక్కడికీ పోదు. అయినా "డేటా పోయినా మా బాధ్యత కాదు" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు, కాబట్టి వాట్సాప్‌తో సహా బ్యాకప్ ముందే తీయండి. సిమ్, మెమరీ కార్డు, పౌచ్ ఇంట్లోనే ఉంచండి. లాక్ నంబరు అడిగితే చెప్పొద్దు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేస్తే వాళ్లు టెస్ట్ చేసుకోగలరు, మీ ఫొటోలూ యాప్‌లూ కనబడవు. మీ ఫోన్‌లో అలాంటిది లేకపోతే బ్యాకప్ తర్వాత గూగుల్ ఖాతా తీసేసి రీసెట్ చేసి ఇవ్వడం మేలు.

బోర్డు మార్చాలంటే మాత్రం కథ వేరు. స్టోరేజీ బోర్డు మీదే ఉంటుంది కాబట్టి అంతా పోతుంది. ఈ-సిమ్ ఉంటే ఆపరేటర్ దగ్గర మళ్లీ తీసుకోవాలి, యూపీఐ మళ్లీ నమోదు చేసుకోవాలి. ఐఎంఈఐ మారితే పాత, కొత్త నంబర్లు రెండూ ఉన్న కాగితం తీసుకోండి. ఇన్‌వాయిస్‌లో పాతదే ఉంటుంది, రేపు అమ్మబోతే కొనేవాడు అనుమానపడతాడు.

జవాబు: కాగితంపులి

తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే అన్నీ చూడండి. పూర్తి తెలుపు, పూర్తి నలుపు బొమ్మలు పెట్టి మచ్చలున్నాయేమో, కాల్ వచ్చినప్పుడు చెవి దగ్గర పెడితే స్క్రీన్ ఆరుతోందా, ఫింగర్‌ప్రింట్, ముందు కెమెరా పనిచేస్తున్నాయా, అంచుల్లో గ్లాసు ఎక్కడైనా లేచిందా. పని అయ్యాక ఇచ్చే జాబ్ షీట్‌లో "డిస్‌ప్లే మార్చాం, చార్జీ సున్నా" అని ఉండాలి. మార్చిన పార్టుకి వారంటీ ఎన్నాళ్లో కూడా దాని మీదే రాయించుకోండి.