అప్‌డేట్: బెర్తడ్ పాస్ వెళ్ళొచ్చాం, సగంలోనే తిరిగొచ్చాం
నవంబరులో మంచు తక్కువే కదా, కొలరాడోలో బెర్తడ్ పాస్ అనే కొండ కనుమ దగ్గర స్నోషూలతో (మంచులో కూరుకుపోకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి చట్రాలు) తిరగొచ్చా అని మొన్న అడిగింది నేనే. పొద్దున్నే అవలాంచ్ ఫోర్‌కాస్ట్ (వాలు మీంచి మంచు విరిగిపడే ప్రమాదం ఎంతుందో చెప్పే సూచన) చూస్తే ఉత్తరం వైపు వాలుల్లో ప్రమాదం అని ఉంది, అందుకని 30 డిగ్రీలు దాటిన వాలు ఎక్కలేదు, వాటి కింద నుంచి కూడా నడవలేదు. మీలో ఒకరు చెప్పినట్టు పారతో తవ్వి చూస్తే పైన గాలికి గట్టిపడ్డ పొర, కింద అక్టోబరులో పడిన పాత మంచు అచ్చం పంచదారే, పిడికిట్లో ఎంత నొక్కినా ముద్ద కట్టదు, అంటే పై పొరని పట్టి ఉంచే బలం దానికి లేదు. కాసేపటికి కాళ్ళ కింద ‘ధుమ్’మని మంచు కుంగిన చప్పుడు, అంటే కింది బలహీనమైన పొర కూలిందన్నమాట; అదే వాలు మీదైతే పై మంచంతా జారిపోవచ్చు. ఉన్నది చదును మీదే గానీ గుండె జారిపోయింది, అక్కడే వెనక్కి తిరిగాం. మా బావమరిది మాత్రం బీకన్ల (మంచు కింద పడ్డవాళ్ళని వెతకడానికి ఒంటికి కట్టుకునే సిగ్నల్ పరికరాలు) అద్దె దండగ అని ఇంకా గొణుగుతున్నాడు.