ఏడుస్తుంటే ఫోన్ ఇవ్వడం తప్పా?

టీచర్ (రెండో తరగతి):
పోయిన వారం క్లాసులో ఇద్దరు రబ్బరు కోసం కొట్టుకున్నారు. ఏడుస్తున్నవాణ్ణి దగ్గరకు తీసుకుని "ఏమైంది నాన్నా?" అంటే మాట రాలేదు. కాసేపటికి "ఇంటికెళ్లి ఫోన్ చూస్తా" అన్నాడు. బాధకు వాడికి తెలిసిన మందు అదొక్కటే. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 5–10 ఏళ్ల వాళ్లకు స్క్రీన్ రోజుకు 2 గంటల లోపే ఉండాలంటుంది. నాకైతే గంటల లెక్క కంటే ఏ సమయంలో ఇస్తున్నామన్నదే ముఖ్యం. ఏడ్చిన ప్రతిసారీ ఇస్తే కోపాన్ని దిగమింగుకోవడం, దుఃఖాన్ని మాటల్లో చెప్పుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు?

ఒక అమ్మ, జగిత్యాల:
చెప్పడం తేలికే మేడమ్. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. నేను ఇంట్లో బీడీలు చుడతాను. లెక్క తగ్గితే కూలి తగ్గుతుంది, పాప ఏడుస్తూ కూర్చుంటే పని సాగదు. 2020లో బడులు మూసినప్పుడు ఫోన్ కొనమన్నది బడివాళ్లే. పైగా రాత్రి వీడియో కాల్‌లో ఊడిన పన్ను నాన్నకు చూపించి, ఆయన నవ్వితేనే పడుకుంటుంది. అది కూడా చెడేనా?

ఇద్దరు పిల్లల తండ్రి:
అమెరికాలో మిచిగాన్ పరిశోధకులు 3–5 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. శాంతపరచడానికి తరచూ ఫోనో ట్యాబో ఇచ్చిన పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, తర్వాతి నెలల్లో చిరాకు, ఆవేశం ఎక్కువగా కనిపించాయి. కానీ మొదటినుంచీ మొండిగా ఉండే పిల్లలకే పెద్దవాళ్లు ఫోన్ ఎక్కువ ఇస్తారు కదా! తప్పంతా ఫోన్ మీద వేయలేం.

టీచర్:
నిజమే, రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. అందుకే ఎక్కడో ఒకచోట ఆపాలి. అమ్మా, వీడియో కాల్‌ను నేను తప్పు పట్టను. అక్కడ పాప ఒక మనిషి ముఖం చూస్తోంది, ఆ ముఖం తిరిగి స్పందిస్తోంది. ఏడుపు ఆపడానికి పెట్టే కార్టూన్ల గురించే నా బాధ. రోజుకు ఒక్కసారైనా ఏడవనిచ్చి పక్కన కూర్చోండి.

ఒక అమ్మ, జగిత్యాల:
నిన్న కూర్చున్నా. పావుగంట ఏడ్చింది, చేట పక్కకు తోసింది, ఆకంతా చెదిరిపోయింది. చాలా కోపమొచ్చింది, అయినా ఫోన్ ఇవ్వలేదు. చివరికి నా ఒళ్లో తల పెట్టి చెప్పింది, బడిలో ఎవరో "మీ నాన్న ఇక రాడు" అన్నారట. నాలుగు రోజులుగా మనసులోనే పెట్టుకుంది. రోజూ ఇలా కూర్చోవడం నా వల్ల కాదు, నిన్న 200 బీడీలు తక్కువ పడ్డాయి. కానీ ఆ మాట నాకు ఫోన్ చెప్పేది కాదు.