‘ప్రతికృతి మూలం’ అనొచ్చా?

ప్రశ్న: ఇంటర్ పిల్లలకి బాక్టీరియా మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. క్రోమోజోమ్ కాపీ మొదలయ్యే చోటుని ఆరిజిన్ అంటారు కదా. ‘ప్రతికృతి మూలం’ అని రాస్తే సరిపోతుందా అండీ?

జవాబు: మాస్టారూ, ‘ప్రతికృతి’ అందరికీ తెలిసిన మాటే, ఉంచండి. నా అభ్యంతరం ‘మూలం’ మీదే. నకలు గురించి మాట్లాడేటప్పుడు మూలం అంటే మనకు తట్టేది మూలప్రతి, అంటే దేన్ని చూసి నకలు తీస్తామో అది. ఇక్కడ మూలప్రతి క్రోమోజోమ్ మొత్తం. ఈ.కోలై అనే బాక్టీరియాలో అది సుమారు 46 లక్షల బేస్ జతలు, అంటే డీఎన్ఏ రెండు పోగుల్లో ఎదురెదురుగా ఉండే అక్షరాల జతలు. ఓరి-సి అనే ఆ చోటు అందులో దాదాపు 245 జతలే. పిల్లలు రెండిటినీ ఒకటే అనుకుంటారు. అందుకని ‘ఆరంభ స్థానం’ అనండి.

ఆ క్రోమోజోమ్ వలయంలా ఉంటుంది, కొస అంటూ లేదు. మరి ఫలానా చోటే మొదలవ్వాలని ఎలా తెలుస్తుంది? ఓరి-సిలో తొమ్మిదేసి అక్షరాల గుర్తులు కొన్ని ఉన్నాయి. డీఎన్ఏ-ఏ అనే ప్రొటీన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుని పట్టుకుని వాటి మీద చేరుతుంది. తగినన్ని చేరాక, పక్కనే ఏ-టీ జతలు ఎక్కువగా ఉన్న భాగం విచ్చుకుంటుంది. ఆ జతల పట్టు తక్కువ. విడిన ఒక్కో పోగు మీదా పోగుల్ని విడదీసే ఎంజైము హెలికేస్ ఒక్కొక్కటి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి కాపీ రెండు వైపులా సాగుతుంది.

ఇలా ఒక చోటు మీద ఒకటి పనిచేసి కాపీ మొదలుపెడుతుందన్న ఊహకి పునాది 1963లో జాకబ్, బ్రెన్నర్, కుజాఁ అనే శాస్త్రవేత్తలు వేశారు. వాళ్లు ఆ చోటుని రెప్లికేటర్ అన్నారు, దాని మీద పనిచేసేదాన్ని ఇనిషియేటర్ అన్నారు. రెండోదానికి ‘ఆరంభకం’ చక్కగా కుదురుతుంది.

ప్రశ్న: ఆరంభం అంటే ఒక్కసారే అనిపించదా? మంచి ఆహారం దొరికితే ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది, కాపీకేమో 40 నిమిషాలు పడుతుంది కదా.

జవాబు: అసలు అందమంతా అక్కడే ఉందండీ! పాత కాపీ పూర్తి కాకముందే కొత్త ఓరి-సిల దగ్గర మళ్లీ కాపీ మొదలవుతుంది. పుట్టిన కణంలో తర్వాతి తరం పని అప్పటికే సగంలో ఉంటుంది. అయినా ఒక్కో ఓరి-సి దగ్గర ఒక తరానికి ఒక్కసారే ఆరంభం. కాపీ అయిన వెంటనే పాత పోగుకి మాత్రమే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి, కొత్త పోగుకి ఇంకా పడవు. సీక్-ఏ అనే ప్రొటీన్ అది గుర్తుపట్టి ఆ చోటుని కాసేపు కప్పేస్తుంది. ఈలోగా డీఎన్ఏ-ఏ పట్టుకున్న ఏటీపీ కూడా ఏడీపీగా మారి, దాని చురుకు తగ్గుతుంది. కాబట్టి ‘ఆరంభం’ అర్థం చెడదు. సీక్-ఏ గురించి నోట్సులో రెండు వాక్యాలు పెట్టండి, మీరడిగిన ప్రశ్నే పిల్లలూ అడుగుతారు.