జీన్ "సైలెన్సింగ్"ని తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్తే. మా మేనకోడలు డిగ్రీలో బయోటెక్ చదువుతోంది, ఎర్ర రక్తకణాల తయారీలో మైక్రో ఆర్ఎన్ఏలు ఏం చేస్తాయో తెలుగులో రెండు పేజీలు రాయాలంట, మావయ్యా కాస్త భాష చూడు అని పంపింది. ప్రతి రెండో లైన్లో "జన్యు నిశ్శబ్దీకరణ". చదివి నేనే నిశ్శబ్దమైపోయా.

పలకడానికి కష్టమని కాదు నా గొడవ, అర్థమే సరిగ్గా లేదని. మైక్రో ఆర్ఎన్ఏ అంటే సుమారు 22 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏ ముక్క, ప్రొటీన్ తయారీకి జీన్ పంపిన చీటీకి, అంటే మెసెంజర్ ఆర్ఎన్ఏకి అతుక్కుని ఆ ప్రొటీన్ తక్కువ తయారయ్యేలా చూస్తుంది, తక్కువే గానీ చాలాసార్లు సున్నా మాత్రం కాదు. మరి నోరు మూయించినట్టు ఎట్లా అవుద్ది?

మూలుగలో కణం ఎర్రకణంగా మారే దారి చూడండి, మిర్-221, మిర్-222 అని రెండు మైక్రో ఆర్ఎన్ఏలున్నాయి (మిర్ అంటే దాని పొట్టి పేరు), కిట్ అనే ప్రొటీన్‌ని పెరగనివ్వవు, కణం ఈ దారి పట్టాక ఆ రెండూ తగ్గిపోతాయి, కిట్ పెరుగుద్ది, కణాలు గబగబా రెట్టింపవుతాయి. మిర్-451 దీనికి రివర్సు, జీన్లని ఆన్ చేసే గాటా-1 అనే ప్రొటీన్ దాన్ని ఆన్ చేస్తే కణం ముదిరేకొద్దీ పెరుగుతూనే పోతుంది. మిర్-144, 451 రెండూ తీసేసిన ఎలుకలు చచ్చిపోలేదు, కొంచెం రక్తం తక్కువ అంతే, కానీ ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఆక్సిజన్ తాలూకు చురుకైన అణువులు కణాన్ని పాడుచెయ్యడం) పెట్టే మందు ఇస్తే ఎర్రకణాలు తట్టుకోలేక పగిలిపోయాయి. 451 అదుపులో పెట్టాల్సిన ఒక ప్రొటీన్ అది లేక పెరిగిపోయి, కణాన్ని కాపాడే జీన్లని పనిచెయ్యనివ్వలేదు.

అన్నం పొంగొచ్చాక స్టవ్ ఆపెయ్యం కదా, సిమ్‌లో పెడతాం. పెట్టకపోతే గంజంతా పొయ్యి మీదే. అందుకే నా ఓటు "సెగ తగ్గించడం"కి.

పాత పంతులు: సెగ బావుంది బాబూ, కానీ పేపరోళ్లు "నిరసన సెగ" అని రాసీ రాసీ దాన్ని మాడ్చేశారు. "అణచివేత" ఏం పాపం చేసింది?

నేను: అణచివేత అంటే లాఠీ గుర్తొస్తుంది మాస్టారూ, ఇక్కడ అంత సీన్ లేదు.

ల్యాబ్ కోటు: మొక్కల్లో సంగతి వేరండీ, అక్కడ మైక్రో ఆర్ఎన్ఏ దాదాపు అక్షరం అక్షరం సరిపోయేలా అతుక్కుంటుంది, మెసెంజర్ ముక్కలైపోతుంది. అది సిమ్ కాదు, గిన్నె దించెయ్యడమే. ఇంకోటి, డైసర్ అనే ఎంజైమ్‌కి తెలుగు పేరు పెట్టారా? మైక్రో ఆర్ఎన్ఏలని చాలావరకు సైజుకి కోసేది అదే.

నేను: కత్తిపీట!! ఇంకేం కావాలి దానికి.

ల్యాబ్ కోటు: హహ సూపర్. అయితే మీ 451 కత్తిపీట ఎక్కదు, కొయ్యకముందు అది మడిచిన ఆర్ఎన్ఏగా ఉంటుంది, ఆ మడత మరీ పొట్టి, డైసర్‌కి అందదు, ఆగో-2 అనే ప్రొటీనే కోస్తుంది. 2010లో తేలింది ఇది.

నల్లిబొక్క: అన్నా నువ్వు మూలుగ అన్నవ్, పాప ఏం రాసింది?

నేను: "అస్థిమజ్జ".

నల్లిబొక్క: గట్లనే ఉంటది. మటన్ షాపుల నల్లి బొక్క అడుగుతం, కటోరకి కొట్టి మూలుగ తీసి పిల్లగాండ్లకి పెడ్తం, పరీక్షల మాత్రం అస్థిమజ్జ. ఎర్రకణాలు అండ్లనే తయారైతయని చెప్తే మా చిన్నోడు ముక్క పక్కన పెట్టిండు.

పాత పంతులు: కణం ముదురుతుంది అన్నారు చూడండి, అది నచ్చింది నాకు. పుస్తకాల్లో "పరిపక్వత" అంటారు, పండు ఏమో అనిపిస్తుంది. కేంద్రకం కూడా బయటికి నెట్టేసి ఒక 120 రోజులు తిరిగి రాలిపోయేదానికి ముదరడమే కరెక్టు.

నేను: అప్‌డేట్. మేనకోడలు లోపల నాలుగు చోట్ల "సెగ తగ్గించడం" పెట్టింది, హెడ్డింగ్‌లో మాత్రం నిశ్శబ్దీకరణే ఉంచింది, అది లేకపోతే మా సార్ మార్కులు కోస్తాడు మావయ్యా అంది.